ఫలమునకు కర్త యొక్కడేనా

బాస్కెట్ బాల్ క్రీడను ప్రేమించువారి నడుమ ఏనాటికిని తెగని వివాద మొకటి కలదు. బాస్టన్ సెల్టిక్స్ పక్షమున 13 సీజన్లాడి 11 ఛాంపియన్‌షిప్పులు గెలిచిన బిల్ రసెల్ గొప్పవాడా, ఒక్క ఆటలో 100 పాయింట్లు చేసిన విల్ట్ చాంబర్లేన్ గొప్పవాడా, 20 సీజన్లలో 38,387 పాయింట్లు కూడబెట్టిన కరీం అబ్దుల్ జబ్బార్ గొప్పవాడా, ఆరు పర్యాయములు ఫైనల్స్‌కు చేరి ఆరింటను గెలిచిన మైకేల్ జోర్డాన్ గొప్పవాడా, జబ్బార్ లెక్కను 2023 ఫిబ్రవరిలో మించి మరుసటి యేడు 40,000 కూడ దాటిన లెబ్రాన్ జేమ్స్ గొప్పవాడా యని అమెరికా దేశమున తరతరములుగా వాదించుకొనుచున్నారు. అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో సైతము తండ్రి జోర్డాన్ పక్షమును, కొడుకు లెబ్రాన్ పక్షమును వహించి భోజనముల వేళ గొంతు హెచ్చించుట వింత కాదు. ఈ వాదమును పొద్దుపోవుటకై ఆడుకొను మాటగా తీసివేయుట నాకు సమ్మతము కాదు. ఏలయన దీని యడుగున మానవుడు అనాదిగా తన్ను తాను వేసికొనుచున్న ప్రశ్న యొకటి యున్నది: ఒకడు సాధించినదానిలో అతని సొంత మెంత, అతనికి కాలము పెట్టిన దెంత?

వాదులలో పెక్కుమంది నిజమునకు తమ యౌవనమునే సమర్థించుచుందురు. పదునైదేండ్ల ప్రాయమున ఏ వీరుని ఆట చూచి నిద్ర మానుకొంటిమో ఆ వీరుడే సర్వోన్నతుడని తోచుట ప్రేమకు సహజము. ప్రేమ దోషము కాదు గాని ప్రమాణమును కాదు. ఆ సంగతి వారికిని తెలియును. అందుచేతనే తుదకు సంఖ్యల నాశ్రయింతురు.

సంఖ్యలనే చూతము. 1962 మార్చి 2వ తేదీ రాత్రి, పెన్సిల్వేనియా రాష్ట్రమున చాక్లెట్ల తయారీకి పేరొందిన హెర్షీ అను చిన్న పట్టణములో, ఫిలడెల్ఫియా వారియర్స్ పక్షమున ఆడుచు చాంబర్లేన్ న్యూయార్క్ నిక్స్ జట్టుపై 100 పాయింట్లు చేసెను. చూచినవారు 4,124 మంది. ఆ యాటను చలనచిత్రముగా పట్టినవారు లేరు. చివరి క్వార్టరు రేడియో వ్యాఖ్యానము మాత్రము మిగిలినది. ఆ సీజనంతటిలో అతని సగటు ఆటకు 50.4 పాయింట్లు. ఆట నిడివి 48 నిమిషములు కాగా అతడు కోర్టుపై నిలిచిన సగటు కాలము 48.5 నిమిషములు, అనగా ఓవర్‌టైములతో కలుపుకొని చూడగా అతడు బెంచీపై కూర్చుండుట దాదాపు లేనే లేదన్నమాట. జోర్డాన్ తన యత్యుత్తమమైన సీజనులో చేసిన 37.1 సగటును దీని ప్రక్కన నిలిపినచో అది చిన్నబోవును. కాని చాంబర్లేన్ కాలపు జట్లు నేటి జట్లకంటె వడిగా పరుగెత్తి ఎక్కువ షాట్లు వేసెడివి, ఎక్కువగా తప్పెడివి. కావున పాయింట్లకును రీబౌండ్లకును అవకాశము అధికము. ఆ పరుగునకు మూలమైనదియు ఒక నియమమే. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు, మినియాపొలిస్ లేకర్స్ పక్షపు ఆజానుబాహువైన జార్జ్ మికన్ చేతికి బంతి పోకుండ తమయొద్దనే అట్టిపెట్టుకొని కాలము గడిపి, 19–18 పాయింట్లతో గెలిచెను. ఇట్టి ఆటలకు ప్రేక్షకులు విసిగిరి. అప్పుడు సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియసోన్ ఒక లెక్క కట్టెను: మంచి ఆటలో ఉభయపక్షములు కలిసి వేయు షాట్లు సుమారు 120, ఆట మొత్తము 2,880 సెకన్లు, కావున షాటొకటికి 24 సెకన్లు. 1954లో అమలునకు వచ్చిన ఆ 24 సెకన్ల గడియారము నేటికిని కోర్టుపై నడచుచున్నది. చాంబర్లేన్ చేసిన నూరు పాయింట్లలో ఆ గడియారమునకు భాగము లేదని ఎవరనగలరు?

సంఖ్యలయందు ఇంతకంటె లోతైన లోపము వేరొకటి కలదు. రసెల్ విద్య యంతయు ప్రత్యర్థి షాటును అడ్డుటలో, బ్లాక్ చేయుటలో నుండెను. అడ్డిన బంతిని ప్రేక్షకులమీదికి చరచి చప్పట్లు పొందుట సామాన్యులైన పొడగరుల పద్ధతి. రసెల్ దానిని వ్రేళ్ల కొనలతో తాకి, కోర్టు దాటిపోనీయక, తన జట్టువాని చేతికి మళ్లించెడివాడు. ఎదుటివాడు తన షాటు చెడినదని గ్రహించులోపలనే సెల్టిక్స్ ఆటగాడు బాబ్ కూసీ బంతితో ఆవలి కొసకు పరుగెత్తుచుండెడివాడు. ఒకే స్పర్శలో రక్షణము ముగిసి దాడి ఆరంభమయ్యెడిది. ఎన్‌బీఏ సంస్థ బ్లాకులను అధికారికముగా లెక్కించుట 1973–74 సీజనులో గాని మొదలుపెట్టలేదు. రసెల్ 1969లోనే విరమించెను. కావున ఆ మహావిద్వాంసుని ప్రధానవిద్యకు ఎదురుగా పట్టికలో ఒక్క అంకెయైనను లేదు.

అంకె లేనిచోట ఏమనుకొనవలెను? కుమారిలభట్టు మార్గమున నడచిన మీమాంసకులును, వారి ననుసరించి అద్వైతులును, అనుపలబ్ధిని ఆరవ ప్రమాణముగా నంగీకరించిరి. నేలపై కుండ కనబడలేదు గనుక కుండ లేదని తెలిసికొంటిమి. ఆ కనబడకపోవుటయే కుండ లేమికి ప్రమాణము. అయితే వారు దానికొక నిబంధన చేర్చిరి. కుండ ఉండినచో కనబడి తీరవలసిన పరిస్థితి యుండవలెను: వెలుతురుండవలెను, చూచువానికి కన్నుండవలెను. చీకటి గదిలో కుండ కనబడలేదు గనుక లేదనుట ప్రమాణము కాదు, ప్రమాదము. ఈ చిన్న నిబంధనయందు ఎంత న్యాయబుద్ధి యున్నదో తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆ పండితులయెడ నమస్కారభావము కలుగును. రసెల్ బ్లాకులను, చాంబర్లేన్ బ్లాకులను ఎవరును దీపము పట్టి చూడలేదు. దీపము వెలిగిన పిమ్మట వచ్చినవారి అంకెలను తెచ్చి, ఆ చీకటికాలమువారి శూన్యముతో పోల్చి, వీరధికులు వారల్పులు అని తేల్చుట శాస్త్రము పేరిట జరుగు అన్యాయము.

ఇక నియమముల సంగతి. ఆటగాడు కాలములో ఇమిడి యుండువాడని మనము తలంతుము. కాని మహనీయుడైన ఆటగాడు కాలమును కదలించును కూడ. మికన్ బాస్కెట్టు క్రింద నిలిచి అందరిని మించుచుండగా అచ్చట గీతలు గీసిన ‘లేన్’ అను స్థలపు వెడల్పును 1951లో 6 అడుగులనుండి 12 అడుగులకు పెంచిరి. చాంబర్లేన్ కాలమున, 1964లో, 12ను 16 చేసిరి. జబ్బార్ లూ ఆల్సిండర్ అను పూర్వనామముతో కాలేజీ ఆటలాడుచుండగా 1967లో డంక్ చేయుటనే, అనగా బంతిని పైనుండి బాస్కెట్టులోనికి దూర్చుటనే, కాలేజీలయందు నిషేధించిరి; ఆ నిషేధము 1976 వరకు నడచెను. త్రీ పాయింట్ గీత ఎన్‌బీఏలోనికి 1979–80లో వచ్చినది. స్టీఫెన్ కర్రీ 2015–16లో ఆ గీత ఆవలినుండి 402 షాట్లను బాస్కెట్టులో వేసెను. అదే హస్తకౌశలముతో అతడు 1938లో జన్మించియుండిన యెడల, ఆ షాట్లకు దగ్గరనుండి వేసిన షాటుకంటె ఒక్క పాయింటును అధికముగా వచ్చెడిది కాదు, అంత దూరమునుండి బంతి విసరుట అవివేకమని కోచ్ మందలించియుండెడివాడు కూడ. కాలము మారినప్పుడు గుణమే దోషముగా నెంచబడుట ఇచ్చట ప్రత్యక్షము.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మము సిద్ధించుటకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, పలువిధములైన చేష్టలు, ఐదవదిగా దైవము. ఇట్లుండగా తానొక్కడే కర్తనని తలంచువాడు యథార్థమును చూచువాడు కాడని ఆ వెంటనే చెప్పబడినది. శంకరులు అధిష్ఠానమును శరీరమని వ్యాఖ్యానించిరి. నేనిచట కార్యమునకు ఆధారమైన భూమిక యను విశాలార్థమున గ్రహించుచున్నాను. ఆటనియమములు, తోడి జట్టువారు, కోచ్, జాతి వివక్ష, రైలు ప్రయాణములు, వైద్యము, ఇవన్నియు అధిష్ఠానమే. క్రీడాలోకమున మనము చేయు తారతమ్య నిర్ణయములలోని దోషమంతయు, ఐదు కారణములవలన పుట్టిన ఫలమును తెచ్చి ఒక్క కర్త ఖాతాలో వ్రాయుటయందే యున్నదని నా నిశ్చయము.

1962 ఫైనల్స్ ఏడవ ఆటను చూడుడు. బాస్టన్ నగరమున సెల్టిక్స్‌కును లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కును జరిగిన ఆ యాట చివరి క్షణములలో స్కోరు 100–100. లేకర్స్‌లోని ఫ్రాంక్ సెల్వీ వేసిన షాటు రింగునకు తగిలి బయటికి వచ్చెను. ఓవర్‌టైములో సెల్టిక్స్ 110–107తో గెలిచిరి. రసెల్ ఆ దినము 30 పాయింట్లు చేసి 40 రీబౌండ్లు పట్టెను. ఎదుటి పక్షమున ఎల్జిన్ బేలర్ 41 పాయింట్లు చేసెను. బేలర్ అదే ఫైనల్స్‌లో ఐదవ ఆటయందు 61 పాయింట్లు చేసియుండెను; ఫైనల్స్ చరిత్రలో ఆ లెక్కను మించినవాడు ఈనాటికిని లేడు. ఆ సీజనులో అతడు సైన్యమున పని చేయుచు, వారాంతముల సెలవు దొరకినప్పుడు మాత్రమే వచ్చి 48 ఆటలాడి, ఆటకు 38.3 సగటు సాధించిన సంగతి కూడ చెప్పవలెను.

ఏడేండ్ల తరువాత, 1969 మే నెలలో, అవే రెండు జట్లు, మరల ఏడవ ఆట, ఈ మారు లాస్ ఏంజిలిస్‌లో. గెలుపు తథ్యమని లేకర్స్ యజమాని కోర్టుపై కప్పు క్రింద బెలూన్లు కట్టించి సిద్ధముగా నుంచెను. ఆట ముగియవచ్చుచుండగా లేకర్స్ ఒక్క పాయింటు వెనుక వరకు వచ్చిరి. సెల్టిక్స్‌లోని జాన్ హావ్లిచెక్ చేతిలోని బంతిని లేకర్స్‌లోని కీత్ ఎరిక్సన్ వెనుకనుండి చేయి చాచి చక్కగా తట్టివేసెను. రక్షకుడు చేయవలసిన పని అదే. అతని చేష్టలో లోపము లేదు. కాని ఆ బంతి దొర్లి పోయి డాన్ నెల్సన్ అను సెల్టిక్స్ ఆటగాని చేతిలోనే పడెను. నెల్సన్ తొందరలో వేసిన షాటు రింగు వెనుక అంచునకు తగిలి, నిట్టనిలువుగా పైకి లేచి, తిరిగి సరిగా బాస్కెట్టులోనే పడెను. సెల్టిక్స్ 108–106తో గెలిచిరి. రసెల్‌కు అది పదునొకండవ ఛాంపియన్‌షిప్పు, ఆటగానిగా చివరి యాట. లేకర్స్ పక్షమున 42 పాయింట్లు చేసిన జెర్రీ వెస్ట్‌కు ఫైనల్స్ ఉత్తమ ఆటగాడను బహుమానము ఇచ్చిరి. ఆ బహుమానము స్థాపింపబడినది ఆ యేటనే, ఓడిన పక్షమువానికి దక్కినది ఆ యొక్క సారియే. ఎరిక్సన్ చేసిన మంచిపని శత్రువునకు ఫలించినది. దీనిని దైవమనక మరేమనవలెను?

బేలర్ కాలమున లేకర్స్ ఎనిమిది పర్యాయములు ఫైనల్స్‌కు చేరి ఎనిమిదింటను ఓడిరి. మోకాళ్లు సహకరింపక బేలర్ 1971 నవంబరులో, సీజను మొదలైన కొలది దినములకే విరమించెను. అతడు తప్పుకొన్న వెంటనే లేకర్స్ వరుసగా 33 ఆటలు గెలిచి, ఆ యేడు ఛాంపియన్లైరి.

ఇట్లు చెప్పినచో, సర్వమును నియతియే చేయుచున్నది, పురుషప్రయత్నము వ్యర్థము అని బుద్ధుని కాలమున మక్ఖలి గోశాలుడు చెప్పిన మతమునకు మనము చేరుదుము గదా యని ఒకరాక్షేపింపవచ్చును. నేను దానికి సమ్మతింపను. ఐదు కారణములలో దైవ మొకటి యన్నంత మాత్రమున తక్కిన నాలుగును అబద్ధములు కావు. కర్తయు కలడు, చేష్టయు కలదు. ఫలమును కొలిచి మనిషిని నిర్ణయింపరాదనుట వేరు, మనిషియందు నిర్ణయింపదగిన దేదియు లేదనుట వేరు. మొదటిది వివేకము, రెండవది నిరాశ.

అయిన ఆ నిర్ణయింపదగినది ఎట్టిది? రసెల్‌ను తెచ్చి నేటి కోర్టుపై నిలిపిన నిలుచునా, లెబ్రాన్‌ను తీసికొనిపోయి 1960లో ఆడించిన ఆడునా యని అభిమానులు అడుగుదురు. అడుగుటలో తప్పు లేదు గాని, ఆ ప్రశ్నను సగమే ఆలోచించి విడుచుచున్నారు. నేడు ఆడు రసెల్ నేడు పుట్టి, నేటి ఆహారము తిని, నేటి గురువులవద్ద నేర్చినవాడు కావలెను. అట్లయిన అతని దేహము వేరు, నేర్చిన విద్య వేరు, ఎదిరించిన దురన్యాయములు వేరు. అప్పుడతనిని రసెల్ అని ఏమి చూచి పిలుతుము? ఇది పునర్జన్మ విచారమున మన పూర్వులు ఎదుర్కొన్న చిక్కే. దేహము పోయినది, నామము పోయినది, స్మృతి పోయినది. అయినను వాడే వీడనుటకు వారు సంస్కారములను చూపిరి. జన్మ మారినను వెంట వచ్చునది సంస్కారము. కాలాంతర తారతమ్యమునకు నాకు దొరకిన కొలమానము ఇదే: నేలను మార్చి, నియమములను మార్చి, దేహబలమును కూడ కొంత తగ్గించి చూచినను ఇతనిలో మిగులునది యేమి?

ఈ కొలమానమున చాంబర్లేన్ కొంత తగ్గుననుటకు నాకు విచారము కలుగుచున్నది, ఏలయన అట్టి దేహశక్తి ఆ క్రీడలో మరల కనబడలేదు. అతనికి ఫ్రీ త్రో వేయుట చేతకాదు. జీవితాంతపు లెక్కలో నూటికి 51 మాత్రమే పడినవి. 1961–62లో అతడు బంతిని రెండు చేతులతో నడుము దిగువనుండి ఎగురవేయు పద్ధతి నవలంబించి నూటికి 61 వరకు సాధించెను. హెర్షీలో నూరు పాయింట్లు చేసిన రాత్రి 32లో 28 వేసెను. అయినను ఆ భంగిమ ఆడంగితనముగా కనబడునని సిగ్గుపడి దానిని విడిచితినని తానే వ్రాసికొనెను. మేలు చేయు విద్యను లోకము నవ్వునని విడుచుట ఏ కాలమునందైనను వెంట వచ్చు బలహీనత. జబ్బార్ సంగతి దీనికి విపర్యయము. డంక్‌ను నిషేధించినప్పుడు అతడు విలపింపక, తన హుక్ షాటును సానబట్టుకొనెను; నలుబది దాటిన ప్రాయమున సైతము ఆ షాటును ఆపగలిగినవారు అరుదు. జోర్డాన్ పంతము, లెబ్రాన్ దేహమును కాపాడుకొను నియమము, ఇవియు ఏ యుగమున నాటినను మొలకెత్తు గుణములే. వానిని గూర్చి నేడు చెప్పువారు కావలసినంతమంది యున్నారు.

రసెల్ పుట్టుకతో వచ్చిన మేటి కాడు. ఓక్లండ్ నగరపు పాఠశాలలో చిన్నతరగతుల జట్టున 16 మంది పిల్లలకు 15 జెర్సీలుండగా, చివరి జెర్సీని రసెల్ మరియొక బాలునితో వంతులు వేసికొని ధరించెడివాడు. పాఠశాల ముగిసిన పిమ్మట ఒక జట్టుతో ఊరూర తిరిగి ఆడుచు, తోడివారి కదలికలను కనులు మూసికొని మనస్సులో మరల మరల నడిపించి చూచుకొనుట అభ్యసించితినని తన ఆత్మకథలో చెప్పెను. ఒక కదలికను ధ్యానించి, దానికి ప్రతిక్రియను కూడ ధ్యానించి, తరువాత దేహమున దింపుకొనుట అతని సాధన. ఇది ఎత్తుపై గాని, గీతలపై గాని, గడియారముపై గాని ఆధారపడినది కాదు. చాంబర్లేన్ 50.4 సగటు సాధించిన ఆ 1961–62 సీజనులోనే ఉత్తమ ఆటగాడను గౌరవమును రసెల్‌కు ఇచ్చిరి. ఆనాడు ఆ నిర్ణయము చేసినవారు పత్రికలవారు కారు, ఇరువురితోను ప్రతిరాత్రి తలపడుచుండిన తోడి ఆటగాండ్రు. పట్టికలో అంకె లేనిచోట ఆప్తవాక్యము ప్రమాణము. ఆ దేహములను తమ దేహములతో ఢీకొన్నవారికంటె ఆప్తులెవరు?

మరియొక సంగతి. 1961 అక్టోబరులో కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టన్ నగరమున, నల్లజాతివారని రసెల్ తోడి ఆటగాండ్రకు ఆహారము పెట్టుటకు నిరాకరింపగా, రసెల్‌తో కూడ ఆ జట్టులోని నల్లవారందరును ఆనాటి ఆట ఆడక విమానమెక్కి వెడలిపోయిరి. అంతకు రెండేండ్లకు పైగా ముందు, 1959 జనవరిలో, పశ్చిమ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌లో నల్లవారికి బస నిరాకరించిన హోటలు ఉదంతమున, అప్పుడప్పుడే వృత్తిలో అడుగిడిన బేలర్ ఒక్కడే ఆటకు దిగక కూర్చుండెను. ఇది ఆటకు వెలుపలి విషయమని తోయరాదు. కర్తను గూర్చి విచారించునప్పుడు, ఆడుటయెట్లో తెలిసినవాడు ఆడకుండుట యెప్పుడో కూడ తెలిసినవాడా యని చూడవలెను.

బేలర్‌ను నేను మాటిమాటికి తలచుటకు మరియొక కారణము కలదు. గాలిలోనికి లేచి, అక్కడ నిలిచి, మనసు మార్చుకొని, బంతిని చేయి మార్చి విసరు కళ ఆ క్రీడలో అతనితో రూపుదాల్చినది. అతని పిమ్మట జూలియస్ అర్వింగ్, అర్వింగ్ పిమ్మట జోర్డాన్ దానిని విస్తరించిరి. మనము తిక్కన నాటకీయతను మెచ్చుచు నన్నయ వేసిన బాటను మరువనట్లే, జోర్డాన్ ఎగిరిన యెత్తును కొలుచునప్పుడు ఆ గాలికి మొదట మెట్లు కట్టినవానిని లెక్కలోనికి తీసికొనవలెను. తరువాత వచ్చినవాడు ముందువానిని చూచి నేర్చును. ముందువానికి ఆ భాగ్యము లేదు.

కావున నా తీర్పు ఇది. బిల్ రసెల్ అందరిలో మొదటివాడు, పదునొకండు ఛాంపియన్‌షిప్పుల కారణమున కాదు. ఎల్జిన్ బేలర్‌ను జబ్బార్, జోర్డాన్, లెబ్రాన్‌ల పంక్తియందే కూర్చుండబెట్టవలెను, ఒక్క ఛాంపియన్‌షిప్పును లేకున్నను. 1962లో సెల్వీ బంతి లోపల పడి, 1969లో నెల్సన్ బంతి బయట పడి, ఆ రెండాటలును లేకర్స్ గెలిచియుండిన యెడల రసెల్ లెక్క తొమ్మిది, బేలర్ లెక్క రెండు అయ్యెడివి. ఈ తీర్పులో ఒక్క యక్షరమును మార్చవలసిన పని నాకు కలిగెడిది కాదు.